ఆపదయందు కృతజ్ఞత



ఆపద వచ్చినపుడు మనలో ననేకులము దైవమునకు మ్రొక్కుకొందుము. "ఈ గండము గడచినయెడల నిది సమర్పింతు" నని మాట యిత్తుము. అది న్యాయస్థానమున జెల్లు కరారునామా వంటిది. కోరిక నెరవేరనిచో భక్తియు రద్దగును. కృతజ్ఞతాస్తోత్రమునకు షరతు లేదు.

అయినను దుఃఖమును సుఖమని పలుకుట కృతజ్ఞత గానేరదు. బిడ్డను గోల్పోయిన తల్లితో "ఇదియు మేలే" యనువాడు కఠినాత్ముడు. ఆమె కన్నీరును ప్రార్థనయే. సర్వము పోయినను మన యంతరాత్మయందు సత్యమును, ధర్మబుద్ధియు నిలిచియున్న వని యెఱిగి, వాని నొసగిన పరమేశ్వరునకు వందన మొనర్చుటయే కృతజ్ఞత.

1848వ సంవత్సరమున మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి కుటుంబవ్యాపారము కూలిపోయెను. తండ్రిగారైన ద్వారకానాథులు 1840లో వ్రాయించిన ట్రస్టు దస్తావేజు వలన గొన్ని యాస్తులు ఋణదాతల చేతికి జిక్కకుండెను. చట్టము మహర్షి పక్షముననే యుండెను. అయినను వారా యాస్తులను సైతము ఋణదాతల యెదుట నుంచిరి. పిమ్మట నేండ్ల తరబడి ఋణములు దీర్చిరి. ఐశ్వర్యబంధము వీడినందులకు సంతసించితి నని స్వీయచరిత్రమున దెలిపిరి. వారి స్తోత్రము ఋణవిమోచనరూపమున ఫలించెను.

మన స్తోత్రమును నట్లే యాచరణమున ఫలింపవలెను.

తండ్రీ! పోయినదానికై మేము విలపించునపుడును, నీ వొసగిన ధర్మబుద్ధిని విడువకుండ మమ్ము గాపాడుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.