లోపమా? నేరమా?



ఆరంభించి నడుమ నిలిచిపోవు మనుష్యునిగూర్చి మనమేమని తీర్పు తీర్చవలెను? “వానికి స్థిరము లేదు” అని ఒక్క మాటతో త్రోసివేయుట మన ఊళ్లలో వాడుక. ఈ ప్రశ్నను ఒక యంత్రమునొద్ద నిలిచి ఆలోచింతము.

1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్ట పూర్తియైన తరువాత, కృష్ణ నీళ్లు మన కర్నూలు సీమలోనికి చాల దూరము పరచుకొనినవి. బావిలో బొక్కెన మునుగుటకే నీళ్లు చాలని ఈ మెట్టసీమలో మోటారు పడవ మాట వినబడుచున్నది. సంగమేశ్వరము రేవునుండి ఆవలి సోమశిలకు దాటువారున్నారు. చేపలు పట్టి బ్రదుకువారున్నారు.

పడవ వెనుక చెక్కకు బిగించు పెట్రోలు మోటారుకు తరచుగా వచ్చు జబ్బు ఒకటి కలదు. త్రాడు లాగగానే చక్కగా అందుకొనును. కొన్ని నిమిషములు నడచి నడినీటిలో ఆగిపోవును. కొంతసేపు తాళి లాగినయెడల మరల పలుకును, మరల ఆగును. తెలియనివాడు చేయి పడిపోవువరకు త్రాడు లాగి, ఇంజను చెడిపోయినదనును. తెలిసినవాడు మొదట ట్యాంకు మూత చూచును. విడిగానుండు ట్యాంకు మూతకు గాలి పోవుటకు చిన్న మర యుండును. అది బిగిసియున్నయెడల, పెట్రోలు బయటికి పోయినకొలది దాని స్థానమున గాలి లోపలికి రాలేదు. అందుచేత పెట్రోలు కదలక నిలిచిపోవును. ట్యాంకు నిండుగానేయుండును, ఇంజను ఆకలితో చచ్చును. మర వదులు చేసిన చాలును.

అది కారణము కానియెడల, గొట్టము నడుమనున్న రబ్బరు బుడ్డిని ఒత్తి చూడవలెను. ఒత్తుచున్నంతసేపు ఇంజను నడచినయెడల లోపము పెట్రోలు వచ్చు దారిలోనున్నది: జల్లెడలో మురికియో, గొట్టమునకు బీటయో, పంపు బలహీనతయో. ఒత్తినను ఫలము లేక, వేడెక్కినప్పుడే ఆగి చల్లారిన పిదప పలికినయెడల, నిప్పురవ్వ నిచ్చు కాయిలును అనుమానింపవలెను. ఇంజనును చల్లార్చు నీటిధార వెనుకకు పడుచున్నదో లేదో కూడ చూచి, పడనియెడల వెంటనే ఆపవలెను.

ఇప్పుడు మనుష్యుని చూడుడి. సారాయి మూడు వారములు మాని మరల త్రాగినవాడున్నాడు. చక్కగా బడికి పోవుచు, వేరుశనగ పెరుకు దినములలో మానివేసిన పిల్లయున్నది. ఇంటిల్లిపాదికి చేసిచేసి ఒకనాడు విసిగి కూలబడిన తల్లియున్నది. త్రాడు లాగినట్లు మనము మందలింపుమీద మందలింపు చేయుదుము. అతనికి మానవలెనను కోరిక లేకపోలేదు. సాయంకాలము కూర్చుండుటకు ఆ అంగడి తప్ప వేరొక అరుగు లేదు, మన అరుగుమీదికి మనము పిలువలేదు. పిల్లకు చదువుమీద ఇష్టము తరుగలేదు. ఇంటికి ఆ కూలి కావలెను. తల్లియొద్దనుండి అందరును తీసికొనిరి. ఆమెకు విశ్రాంతియైనను మంచి మాటయైనను ఎవరును ఇయ్యలేదు. విత్తువాని ఉపమానములో రాతినేలను పడినది త్వరగానే మొలిచెను. ఎండిపోయిన కారణము విత్తనములో లేదు. మన్ను లోతు లేకపోవుటలోనున్నది. రాళ్ల చేలు దున్నువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

అట్లయిన ఎవరికిని నేరము లేదా? అట్లు కాదు. మోటారు నిలుచుట లోపము. నిలుచునని యెరిగియు, తెడ్డు లేకుండ, బాడుగకు ఆశపడి ఆడవారిని పిల్లలను ఎక్కించుకొని పోవుట నేరము. తన బలహీనత నెరిగినవాడు కూలి డబ్బు చేతబట్టుకొని అంగడి ముందునుండి నడచుట అట్టిదే. ఆ డబ్బు పనియొద్దనే భార్య చేతికిచ్చి వచ్చువాడు తెడ్డు పెట్టుకొని బయలుదేరినవాడు. అందులో సిగ్గుపడవలసినదేమియు లేదు.

చూచువారికిని ఒక నేరము కలదు. మర బిగిసియున్నదని తెలిసియు, వదులు చేయక, నిలిచిన పడవను చూచి నవ్వుట. మీ వీధిలో నడుమ ఆగిపోయిన వారెవరో మీకు తెలియును. ఈ మాసములో వారిని మరియొకసారి మందలింపకముందు, వారి యింటికి పోయి, ఏమి అందక ఆగిరో అడుగుడి.