మీ నాయన వయసుకు వస్తున్నావు, అబ్బోడా

చిరంజీవి అబ్బోడికి మడకశిర నుంచి మీ పెదనాయన ఆశీస్సులు.

2021 అక్టోబరు 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండె ఆగి పోయాడన్న వార్తకు మన ఊరు కూడా బెంగళూరుతో పాటే ఏడ్చింది. కన్నడ సీమను ఆనుకుని బతికే ఊరు కదా. ఆయనకు 46 ఏళ్లు, రోజూ కసరత్తు చేసే మనిషి. ఆ తర్వాత బెంగళూరు జయదేవ ఆసుపత్రికి గుండె పరీక్షల కోసం జనం పోటెత్తారు. 2022 ఫిబ్రవరి 21న మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకే పోయాడు. 2023 జనవరి 27న కుప్పం పాదయాత్రలో నందమూరి తారకరత్న కుప్పకూలాడు. బెంగళూరులో మూడు వారాలు పోరాడి ఫిబ్రవరి 18న కన్నుమూశాడు. అతనికి నలభై కూడా నిండలేదు.

వాళ్ల పేర్లు లోకానికంతా తెలుసు. మీ నాయన పేరు మన వీధి దాటలేదు.

మీ నాయన పోయిన ఆ రాత్రి సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. వక్కతోటకు నీళ్లు కట్టి వచ్చి, ఎదమీద బండ పెట్టినట్టుందన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. గ్యాసే అనుకుని మీ అవ్వ ఓమనీళ్లు తాగించింది, ఎవరో సోడా కొట్టించుకొచ్చారు. తెల్లారినాక హిందూపురం పోదామనుకున్నారు. ఆ తెల్లవారుజాము వరకే మీ నాయన ఉన్నాడు. ఇన్నేళ్లయినా ఎవరైనా గ్యాస్ అంటే చాలు, మీ పెదనాయనకు ముద్ద దిగదు.

ఉప్పు పట్టి డ్రిప్పు పైపు మూసుకుపోయినట్టు రక్తనాళం మెల్లమెల్లగా పూడుకుపోతుందని చాలామంది అనుకుంటారు. వయసులో ఉన్నవాళ్లలో తరచూ జరిగేది వేరు. నాళం గోడలో చిన్న కొవ్వు గడ్డ ఒకటి పగులుతుంది, దానిమీద రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసేస్తుంది. ముందు రోజు దాకా మెట్లెక్కినవాడు, క్రికెట్ ఆడినవాడు అలా పోవడం అందుకే. నెత్తురందని గుండె కండ గంట గంటకూ చచ్చిపోతుంటుంది.

మనవాళ్లకు గుండెపోటు త్వరగా వస్తుందన్నది కొత్త మాట కాదు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో, తొలి గుండెపోటు దక్షిణాసియా వాళ్లకు సగటున 53 ఏళ్లకు వస్తే, మిగతా దేశాలవాళ్లకు 59కి దగ్గర పడుతోంది. సిగరెట్, కొలెస్ట్రాల్, షుగర్, బీపీ, బొజ్జ, మనసు మీద ఒత్తిడి వంటి తొమ్మిది కారణాలతోనే మగవాళ్ల ముప్పులో 90 శాతం లెక్క తేలిపోయింది.

మీ పెదనాయన ఈడు పిల్లలు సంగటి ముద్ద, ఉలవచారు తిని వేరుశనగ చేలకు నడిచిపోయేవాళ్లు. అదంతా స్వర్ణయుగమని చెప్పబోవడం లేదు. బీడీలు అప్పుడూ కాల్చారు, పేరు తెలియని జబ్బులతో అప్పుడూ పోయారు. కానీ రాత్రి ఎనిమిదికల్లా ఊరు పడుకునేది. ఇప్పుడు పెనుకొండ కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుకెళ్లే పిల్లోడికీ, బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చునే నీకూ నిద్రకు వేళ లేదు. పదకొండింటికి బిర్యానీ పొట్లం, ఒంటిగంట దాకా ఫోను. టెన్షన్ తగ్గడానికని సిగరెట్. దాన్ని ఎవరూ చూడలేదనుకోవద్దు.

పైగా ఇలాంటి చావులన్నింటికీ కొవిడ్ టీకానే కారణమని వాట్సాప్‌లో తీర్పులు. 2025లో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో వరుస గుండెపోటు మరణాలప్పుడూ ఇదే గోల. 18 నుంచి 45 ఏళ్లవాళ్ల ఆకస్మిక మరణాలపై ఐసీఎంఆర్ 2023లో వెలువరించిన అధ్యయనంలో టీకా వల్ల ముప్పు పెరగలేదనే తేలింది. ముప్పు పెంచినవేమిటో చూడు: కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయి ఉండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, ఒళ్లు మితిమీరి శ్రమపెట్టడం. ఇందులో ఒకటి నీకు పుట్టుకతోనే ఉంది. శుక్రవారం పార్టీతో ఇంకొకటి ఎందుకు కలుపుకుంటావు?

ఇక పని మాట. ఈ ఆదివారమే పరగడుపున రక్తం ఇవ్వు: షుగర్, మూడు నెలల సగటు చక్కెర, కొలెస్ట్రాల్, వీటితో పాటు లైపోప్రోటీన్-ఎ. ఈ చివరిది వంశంలో వచ్చేది, ఒక్కసారి చూసుకుంటే చాలు. బీపీ చూపించుకో, ఈసీజీ తీయించుకో. ఈసీజీ బాగుందన్నంత మాత్రాన ఊరుకోవద్దు, మీ నాయన ఏ వయసులో ఎలా పోయాడో గుండె డాక్టరుకు విడమరిచి చెప్పు. సిగరెట్ తగ్గించడం కాదు, పూర్తిగా మానెయ్. కుర్చీలో ఏళ్లు గడిపి ఒక్కరోజున జిమ్‌లో బరువులెత్తొద్దు, ముందు నడక మొదలుపెట్టు.

ఎదలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం వస్తే ఈనో వెతకొద్దు. బండి అసలే తోలొద్దు. 108కి ఫోన్ చెయ్. ఆస్పిరిన్ పడనితనం, రక్తస్రావం జబ్బు లేకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగు. వెంటనే ఈసీజీ తీసే ఆసుపత్రికే పోవాలి. గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ బయట వేలల్లో ఉంటుంది. కర్ణాటకలో పునీత్ పేరిట పెట్టిన హృదయజ్యోతి పథకం కింద ఉచితం. మన రాష్ట్రంలోనూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇస్తున్నారు. మొదటి గంటల్లో పడితేనే దాని ఫలం.

మీ చెల్లెలికీ ఇవే పరీక్షలు చేయించు. ఆడపిల్లకు గుండెజబ్బేంటని మీ అమ్మ అంటే వినొద్దు, అదీ ఆ తండ్రి బిడ్డే. రిపోర్టులు సోమవారం సాయంత్రానికి పెదనాయన ఫోనుకు రావాలి. డబ్బులు చాలకపోతే మొహమాటపడకుండా అడుగు.