పైచేయి మనదైనప్పుడు

చిన్నా,

"జడ్జిగారు మనవైపే ఉన్నారు తాతయ్యా" అన్నావు మొన్న ఫోన్లో. అప్పట్నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు. ముప్ఫై ఏళ్లు బడిలో చెప్పిన ఏథెన్స్ పాఠం బుర్రలో తిరుగుతోంది.

స్పార్టాతో ఏథెన్స్ యుద్ధం క్రీ.పూ. 431లో మొదలైంది. ఆరేళ్లకి స్ఫాక్టీరియా దీవిలో స్పార్టా సైనికులు చిక్కుకుపోయారు. వెనక్కి తగ్గడమే తెలియని స్పార్టా తనే రాయబారం పంపింది, సంధి చేసుకుందామని. ఏథెన్స్‌లో క్లియోన్ అనేవాడు లేచి, ఇంకా గుంజుదామన్నాడు. జనం సరేనన్నారు. ఏథెన్స్ ఓడింది ఆ రోజే అంటాను నేను. పరీక్షలో అలా రాస్తే మార్కులు పడవనుకో.

415లో సిసిలీ మీద పడ్డారు. రెండేళ్లు తిరిగేసరికి ఏడువేల మందికి తక్కువ కాకుండా సిరక్యూజ్ రాతి గనుల్లో బందీలు. పైన ఎండ, రాత్రి చలి. మనిషికి రోజుకి గ్లాసెడు నీళ్లు, రెండు గ్లాసుల గింజలు. 404లో ఏథెన్స్ లొంగిపోయేనాటికి ఊళ్లో తిండి లేదు. రేవుదాకా కట్టుకున్న పొడవాటి గోడల్ని పిల్లనగ్రోవుల పాటతో కూలగొట్టించారు శత్రువులు.

మీ చిన్నతాత కూడా ఆ స్పార్టా రాయబారంలాగే వచ్చాడురా, కింది కోర్టులో నేను గెలిచిన వారానికి. చేతిసంచిలో రసాలు. "గట్టు నువ్వే ఉంచుకో అన్నయ్యా, కొబ్బరిచెట్లు నాకొదిలెయ్" అన్నాడు. లోపలికి రమ్మనలేదు నేను. తలుపు చాటునుంచి మీ నాయనమ్మ సైగలు చేస్తూనే ఉంది. సంచి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇంకో పదకొండేళ్లు కోర్టులు, వకీళ్లకి రెండెకరాలు. చెట్లా? 96 తుపానుకి పోయాయి. అప్పటికి వాడూ లేడు.

మా రోజుల్లో పోట్లాడాలన్నా ఎదురుపడాల్సొచ్చేది. మీకేం, అన్నయ్య నంబరు బ్లాక్ చేస్తే సరి!

ఆదివారం బస్సెక్కు. ముందు మీ అన్నయ్య వాళ్లింట్లో భోంచెయ్, తర్వాతే కొలతలు. సర్వేయరు ఫీజు నేనిస్తాను. రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో పెట్టించండి, కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, మళ్లీ అప్పీలు గొడవ ఉండదు. వకీలు గారికి ఇవ్వాల్సింది ఇచ్చేసి కాగితాలు తెచ్చుకో.

వదినకి పూతరేకులు పట్టుకెళ్లు. బెల్లంవి.

మీ తాతయ్య