దిగుడు దారిలో పొదుపు

పొదుపును తప్పుపట్టడం మన ఇళ్ళలో అయ్యే పని కాదు. పప్పు పొంగు రాగానే మంట తగ్గించడం, మనిషి లేని గదిలో దీపం ఆర్పడం, ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే మనకు వచ్చిన విద్యలు. అందుకే దిగుడు రాగానే గేరు తీసేసి, బండిని న్యూట్రల్‌లో వదిలి, నాలుగు చుక్కల నూనె మిగిల్చే డ్రైవరును చూస్తే ఎవరికైనా కాస్త ముచ్చటే వేస్తుంది. మనవాడే అనిపిస్తుంది.

అయితే ఆ మిగులు నిజంగా మిగులేనా? ఈ సంగతి ఇంజనును అడగాలి.

అంబాసిడర్లూ, ఫియట్లూ తిరిగిన రోజుల్లో ఈ నమ్మకానికి కొంత ఆధారం ఉండేది. కార్బురేటరు ఒట్టి అమాయకురాలు. యాక్సిలరేటరు మీద కాలు తీసినా, గేరులో ఇంజను గిర్రున తిరుగుతున్నంతసేపూ గాలితోపాటు కాస్త పెట్రోలునూ పీల్చుకునేది. 2000 ప్రాంతం నుంచి మన కార్లలో దాని స్థానంలోకి కంప్యూటరు చెప్పుచేతల్లో పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది. దిగుడులో గేరు ఉంచి కాలు పూర్తిగా తీసేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. అది ఆగిపోతుందన్న భయం లేదు గనక పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది. చుక్క కూడా పడదు. వేగం బాగా తగ్గాక మాత్రమే మళ్ళీ మొదలవుతుంది. గేరు తీశామో, చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగింది. ఇక ఆరిపోకుండా ఉండాలంటే దాని తిండి అది తినాల్సిందే. చిన్న కారయినా గంటకు అర లీటరు పైమాటే. పాత డీజిలు బస్సుల్లో కంప్యూటరు లేదు గాని, పంపులో ఉండే గవర్నరు ఇదే పని ఎప్పటినుంచో చేస్తోంది.

ఒక మాట ఒప్పుకోవాలి. సన్నటి వాలులో అయితే గేరు బండిని పట్టి లాగుతుంది, న్యూట్రల్‌లో ఇంకాస్త దూరం దొర్లుతుంది. అక్కడ లెక్క అటూ ఇటూ కావచ్చు. కాని ఘాట్ రోడ్డు మీద ఎలాగూ బ్రేకు తొక్కుతూనే దిగాలి. బ్రేకుల్లో వేడిగా మారిపోయే వేగాన్ని కూడబెట్టి ఏం లాభం? పైగా తొక్కిందే తొక్కితే డ్రమ్ములు కాగి, బ్రేకు పట్టే సడలిపోతుంది.

కొండగట్టు అంజన్న దర్శనం చేసుకుని దిగుతూ, కిరాయి కారు డ్రైవరుతో ఈ మాటే అన్నాను. నా తమ్ముడి వయసువాడు. నమ్మలేదు.

"గట్లెట్లుంటదమ్మా? గేరుల ఉంటె ఇంజను గుయ్యిమంటది. గుయ్యిమన్నదంటె తాగుతున్నట్టే గద!"

ఇందులో తర్కం లేకపోలేదు. మనమందరం చప్పుడును బట్టే ఖర్చు అంచనా కడతాం. గొంతు పెద్దదైన కోడలే దుబారా మనిషని పేరు పడుతుంది. గుట్టుచప్పుడు కాకుండా అయ్యే ఖర్చును ఎవరూ పట్టించుకోరు.

ఆ కొండ ముత్యంపేట ఊరిదే. 2018 సెప్టెంబరు 11, మంగళవారం నాడు ఆ ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. వందమందికి పైగా ఎక్కిన బస్సు. అరవైమందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. బ్రేకుల మాట, బస్సు వయసు మాట, జనం కిక్కిరిసిన మాట, అన్నీ వచ్చాయి. డీజిలు కోసం న్యూట్రల్‌లో దించారన్న మాటా వచ్చింది. జవాబు చెప్పవలసిన డ్రైవరు ఆ బస్సుతోనే పోయాడు. ఆ మాటను ఆయన నెత్తిన పెట్టడానికి నాకు చేయి రాదు.

కాని అలాంటి మాట పుట్టగానే అందరికీ నమ్మబుద్ధి ఎందుకయింది? ఆర్టీసీలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది డ్రైవరుకు పెద్ద లెక్క. బాగా తెచ్చినవాడికి మెప్పు, తేలేనివాడికి సంజాయిషీ. డీజిలు కొలవడానికి కొలత ఉంది. ఈ రోజు ఎక్కినవాళ్ళందరూ క్షేమంగా దిగారన్నదానికి కొలత ఏదీ? జరగని ప్రమాదాన్ని ఏ రిజిస్టరులో రాస్తారు? కొలవగలిగిందే గొప్పదనుకోవడం డ్రైవర్ల జబ్బు కాదు. అది పైనుంచి దిగిన జబ్బు.

నా పొయ్యి మంట నేను తగ్గించుకుంటే, మహా అయితే నా పప్పు ఉడకదు. వెనక సీట్లో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని అడగకుండా, ఆమె ప్రాణం పూచీ పెట్టి నేను మిగుల్చుకునేదాన్ని పొదుపు అనవచ్చునా? మిగిలింది నాదైనప్పుడు, పోయేదీ నాదే కావాలి గదా. అక్కడ మిగిలేది కూడా ఏమీ లేదాయె.

ఎడ్లబండి తోలినవాళ్ళకు ఈ సందేహమే రాలేదు. దిగుడులో బండి బరువంతా ముందుకు తోసుకొస్తుంటే ఎడ్లు కాళ్ళు తన్నిపట్టి, దాన్ని నిలవరిస్తూ దిగేవి. లాగే పని లేదు గదా, విప్పేద్దాం అని ఎవడూ అనుకోలేదు. పట్టి ఉంచడం కూడా పనేనని వాళ్ళకు తెలుసు.

ఇదంతా విని నా స్నేహితురాలొకామె, "చూశావా, కట్టుబడి ఉన్నంతకాలం తిండి అడగదు, వదిలేస్తే అడుగుతుంది. దీన్ని సంసారానికి అన్వయించి నవల రాయకూడదూ?" అంది. రాయనన్నాను. నోరు కట్టుకుని ఇల్లు లాగే ఇల్లాలి పోలికలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి, ఇంజను కూడా ఎందుకు? ఆమె ఒప్పుకోలేదు. మా ఇంటినుంచి వెళ్ళేదాకా వాదిస్తూనే ఉంది. అన్నట్టు, ఆమె స్కూటరుకు గేర్లు లేవు.