పురుగు చేసిన పాపమేంటి?

స్లొవేనియా గుహల్లో ఒక చిన్న పురుగు ఉంది. చీకట్లోనే పుట్టి చీకట్లోనే పోతుంది, కళ్ళు లేవు. 1937లో ఆస్కార్ షైబెల్ దానికి పెట్టిన పేరు అనోఫ్తాల్మస్ హిట్లరి. మొదటి మాటకి అర్థం ‘కళ్ళు లేనిది’. రెండో మాటకి అర్థం చెప్పనక్కర్లేదు. ఆ పేరు మోజులో పురుగుని పట్టి దాచుకునేవాళ్ళు తయారై, దాని మనుగడకే ముప్పొచ్చింది.

మరి పేరు మార్చొచ్చు కదా? జంతువుల పేర్ల నియమావళి ఒప్పుకోదు. పద్ధతి ప్రకారం ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది. నైతిక కారణాలతో పేర్లు మార్చే పని పెట్టుకోమని అంతర్జాతీయ కమిషన్ 2023లో తేల్చేసింది. వృక్షశాస్త్రజ్ఞులు వేరే దారి పట్టారు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళని తిట్టే మాటతో ముడిపడ్డ ‘కాఫ్రా’ని ‘అఫ్రా’గా మార్చాలని 2024లో మాడ్రిడ్‌లో ఓటేశారు. లాటిన్ స్పెల్లింగులో ఒక్క ‘సి’ తీసేస్తే సరిపోయింది.

కమిషన్ వాదన తీసిపారేసేది కాదు. పేరంటే చిరునామా. మారిస్తే పాత వ్యాసానికీ, మ్యూజియం పెట్టెలోని చీటీకీ లంకె తెగుతుంది. సరే, ఒప్పుకుంటాను. కానీ వట్టి చిరునామాయే అయితే అందులో మనుషుల్ని సన్మానించడం ఎందుకు? పెట్టేటప్పుడు గౌరవం, తీసెయ్యమంటే వట్టి గుర్తు. రెండూ ఎలా కుదురుతాయి?

మన కలివికోడినే చూడండి. 1848లో బ్లైత్ పెట్టిన శాస్త్రీయ నామంలో ‘బైటార్క్వేటస్’ అంటే రెండు పట్టీలున్నది. ఇంగ్లిష్ పేరు జెర్డాన్స్ కోర్సర్‌లో ఉన్నది దాన్ని లోకానికి చూపించిన దొర. తెలుగు పేరులో అది తిరిగే కలివి పొదలున్నాయి. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంటపడక అంతరించిందనుకున్న ఈ పక్షి, 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో స్థానికుల సాయంతోనే దొరికింది. ఒక పేరు ఒంటిని చెప్తుంది, ఒకటి మనిషిని, ఒకటి ఇంటిని.

జెర్డాన్ చెడ్డవాడని కాదు నా బాధ. ఎంత మంచివాడి పేరైనా, ఆ ప్రాణి తనది కాని కథ మోస్తుంది. అలాగని పాతవన్నీ చెరిపెయ్యమనీ అనను. నేను అడిగేది ఒక్కటే: ఈ పేరు వల్ల ఇవాళ ఎవరికి దెబ్బ తగులుతోంది? ‘కాఫ్రా’తో మనుషులకి, ‘హిట్లరి’తో ఆ పురుగుకే. అలాంటివి మార్చాల్సిందే. కొత్తగా పెట్టేవాటికి మాత్రం, ఒంటినో ఇంటినో చూసి పెడితే చాలు.

కలివి పొదలు కొట్టేస్తే కలివికోడి ఉండదు. ఆ సంగతి దాని పేరులోనే ఉంది.