మందిరపు ముంగిట గరిక

ధ్యానభాగములు: ఆదికాండము 2:15, సామెతలు 24:30–34, లేవీయకాండము 19:9, 10



క్రొత్త మందిరము కట్టిన పిమ్మట, లేక పాత మందిరమునకు సున్నము వేయించిన పిమ్మట, సంఘపు పెద్దలు కూర్చుండి ఆలోచించు సంగతి యొకటి కలదు. గుమ్మము ముందరి నేలను ఏమి చేయవలెను? వేసవిలో దుమ్ము, వానకాలమున బురద, వట్టి కాళ్లతో వచ్చు పిల్లలకు పల్లేరుకాయలు. కొందరు సిమెంటు పోయింతమందురు. కొందరు పట్టణములలో చూచినట్టి పచ్చిక కావలెనందురు. ఎక్కువ శ్రమ లేని గడ్డి యేదైనను చాలునని మరికొందరందురు. ఈ చివరి మాట విని, దేవుని పనిలో సుళువు వెదకుట సోమరితనము కాదా యని అడుగువారును కలరు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు.

మొదట లెక్క చూతము. నర్సరీలలో చాపలుగా అమ్ము మెక్సికన్ గడ్డియు కొరియన్ గడ్డియు చూపునకు ఇంపైనవే. గాని ఎండకాలమంతయు పచ్చగా నిలుపవలెనన్న వాటికి నీరు కావలెను. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల నేలకు దినమునకు 5 మిల్లీమీటర్ల నీరు పెట్టినను 500 లీటర్లగును. 15 లీటర్ల బిందెతో మోసినయెడల 33 బిందెలు. బోరు ఎండి, ట్యాంకరు కొరకు బిందెలు వరుసగా పెట్టు ఊరిలో మందిరపు గడ్డి మాత్రము తడిసియుండుట చూచువారికి ఏ సువార్త చెప్పును? కరవు మిక్కుటమైన కాలమున అహాబు రాజు తన గుఱ్ఱములను కంచరగాడిదలను బ్రదికించుకొనుటకు గడ్డి వెదక బయలుదేరెనని 1 రాజులు 18:5 తెలుపుచున్నది. ప్రజల ఆకలిని గూర్చిన మాట ఆ వచనములో లేదు.

వాన మీదనే బ్రదుకు గడ్డి మనకు దూరమున లేదు. గరికను మనమందరము ఎరుగుదుము. పొలములో శత్రువుగానే ఎరుగుదుము. నేలపైని తీగలతోను నేలలోని వేళ్లతోను అది ప్రాకును. దున్నినను, తెగిన కణుపు మరల వేరు పట్టును. రైతును విసిగించు ఈ గుణమే మందిరపు ముంగిట మేలగును. వేసవిలో పైకి ఎండిపోయినను లోపలి వేళ్లు బ్రదికియుండి తొలకరికి చిగుర్చును. త్రొక్కుడును ఓర్చుకొనును. నీడను మాత్రము ఓర్వదు. కాబట్టి వేపచెట్టు క్రింద దానికై ప్రయాసపడక, అచ్చట అరుగు కట్టుకొనుట మేలు.

నాటు విధము కష్టమైనది కాదు. వేసవిలో నేల త్రవ్వి తుంగ గడ్డలను ఏరివేయవలెను. చివికిన పశువుల ఎరువు కలిపి, వాననీరు గోడయొద్ద నిలువక పారునట్లు కొంచెము వాటముగా చదును చేయవలెను. మృగశిర, ఆరుద్ర కార్తెలలో వానలు పడగానే గట్లమీది గరిక తీగలను తెచ్చి, రెండు మూడు కణుపులుండునట్లు త్రుంచి, జేనెడేసి దూరపు చాళ్లలో కొన పైకుండునట్లు పాతి అదుమవలెను. వేరు పట్టువరకు రెండు మూడు వారములు, వాన తప్పినప్పుడు తడుపవలెను. అటుపిమ్మట ఆ పని వానదే.

అయితే ఇది సోమరితనమా? సామెతలలోని జ్ఞాని సోమరివాని చేను ప్రక్కగా పోవుచు, కలుపు నిండిన నేలను, కూలిన గోడను చూచెను. శ్రమ తక్కువ యన్నచో ఆ చేనికంటె తక్కువ శ్రమ పొందినది లేదు! దోషమెక్కడనున్నది? అతడు చేనివైపు వెళ్లుటయే మానెను. తక్కువ పని వేరు, పని మానుట వేరు.

గరిక నేలకును కాపు కావలెను. 1950లలో పూనా ప్రాంతమున కనబడి, తరువాత దేశమంతట వ్యాపించిన వయ్యారిభామ మొక్కను పూయకముందే వేరుతో పెరికివేయవలెను. అది తగిలినవారిలో కొందరికి దురద, ఆయాసము కలుగును గనుక చేతులకు గుడ్డ చుట్టుకొనవలెను. గడ్డిని రెండంగుళములకంటె పొట్టిగా కోయరాదు. ఒక్కసారే మూడవవంతుకంటె ఎక్కువ తీయరాదు. నేలకంట గీకినచోట కలుపు మొలచును. హద్దు వెంబడి పారతో గాడి తీసి, తీగలు పొరుగువాని పొలములోనికి ప్రాకకుండ చూడవలెను. మన పచ్చిక అతని చేనికి కలుపు కాకూడదు. దేవుడు ఆదామును తోటలో పెట్టినది సేద్యమునకు మాత్రమే కాదు, కాచుటకును. పాపము రాకమునుపే పని యుండెను. నలుగగొట్టు ప్రయాసము తరువాత వచ్చినది. కాబట్టి అక్కరలేని ప్రయాసమును భక్తి యనుకొనరాదు.

అయినను ఇంతటితో ప్రశ్న తీరలేదు. మనము మోయని ఆ 33 బిందెల శ్రమ ఎక్కడికి పోవుచున్నది? వట్టి కబుర్లకే పోయినయెడల, మనలను సోమరులన్నవారి మాటయే నిజము. సుళువు దానంతట అది మంచియు కాదు, చెడుగును కాదు. అది మన చేతిని ఖాళీ చేయును. ఖాళీయైన చేయి ఎవరివైపు చాపబడునో దానినిబట్టియే తీర్పు.

మన సంఘములలో గేదె యుండియు గట్టు లేనివారు అనేకులు. కొడవలియు గోనెయు పట్టుకొని పరుల గట్లవెంబడి తిరిగి, మాటలు పడి, ఏ గట్టుమీద కలుపుమందు కొట్టిరో తెలియక భయపడుచు గడ్డి కోయు సహోదరీలు కలరు. అట్టి సహోదరికి మందిరపు గేటునొద్ద గడ్డి కోయరాదను పలక ఎదురగుట తగునా? పొలపు అంచులను బీదలకును పరదేశులకును విడువవలెనన్నది యజమానుని దయకు విడిచిన సంగతి కాదు, అది ఆజ్ఞ. బోయజు రూతుకు పరిగె విడిపించుటయే గాక, ఆమెను ఎవరును సిగ్గుపరచకుండునట్లు పనివారికి ఆజ్ఞాపించెను. గడ్డితోపాటు ఆ మర్యాదయు మనము చూపవలెను.

అందరు కోసినయెడల అందము చెడునందురేమో. వంతులు ఏర్పరచుడి, ఎంత ఎత్తున కోయవలెనో చెప్పుడి, తడినేలపై పశువులను విడువకుడి, అచ్చట ఏ మందును కొట్టకుడి. గరిక కోతకు చెడదు, కోతవలననే దట్టమగును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయపు కట్టడపు పని కరవు దినములలో అనేకులకు అన్నము పెట్టెను. అందమునకును అన్నమునకును వైరము లేదు.

ఈస్టరు నాటికి మన ముంగిలి ఎండి పండుబారియుండవచ్చును. అతిథులు వచ్చిరని సిగ్గుపడనక్కరలేదు. గడ్డి యెండుననియు దేవుని వాక్యము నిలుచుననియు యెషయా 40వ అధ్యాయము మనకు నేర్పినదే. పస్కా సమీపించిన దినములలో గలిలయ కొండమీద ప్రభువు జనులను పచ్చిక మీద కూర్చుండబెట్టెను. ఆ గడ్డిని ఎవరు నాటిరో, ఎవరు తడిపిరో వ్రాయబడలేదు. దానిమీద ఆకలిగొన్నవారు కూర్చుండి తృప్తిపొందిరని వ్రాయబడియున్నది. మన ముంగిలిని గూర్చియు అట్టి సాక్ష్యమే చాలును. ప్రభువు మనకు అట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.