తప్పే వీలు లేని చదువు

నాన్న పోయాక మమ్మల్ని చదివించింది అమ్మే. తండ్రి భయం లేని పిల్లలు చెడిపోతారని ఎవరైనా తేలిగ్గా అనేస్తే అందుకే నాకు మనసు చివుక్కుమంటుంది. యూనివర్సిటీ హాస్టల్లో నేను చూసినంతలో, ఒంటరి తల్లి పంపగా వచ్చిన పిల్లలకున్నంత భయం మరెవరికీ లేదు.

అమ్మకు జబ్బు చేస్తే, ఇద్దరున్న ఇంట్లో నాన్న చూసుకుంటాడు. ఒక్కరే ఉన్న ఇంటికి హాస్టల్ నుంచి కొడుకో కూతురో బస్సెక్కాలి. ఆ వారం హాజరు పోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే 75 శాతం హాజరుండాలి. ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గితే కారణం బద్ధకమని అధ్యాపకులం రాసుకుంటాం.

అమెరికాలో సారా మెక్లనహన్, గ్యారీ శాండిఫర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1994లో ఈ విషయం మీదే ఒక పుస్తకం తెచ్చారు. ఒక్కరి పెంపకంలో ఉన్న పిల్లలు చదువులో వెనకబడుతున్న మాట నిజమేనని, అందులో దాదాపు సగం ఆదాయం తగ్గడం వల్లేనని తేల్చారు. అక్కడి సమాజం వేరు. అయినా మనకూ పనికొచ్చే మాట అది. చేతిలో డబ్బు లేకపోవడాన్ని తల్లి పెంపకం మీదికి నెట్టడం అన్యాయం.

మార్కుల కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. ఈ పిల్లల్లో చాలామంది బాగానే చదువుతారు. కానీ తమకు నచ్చింది చదవరు. చరిత్ర మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల, త్వరగా ఉద్యోగం వస్తుందని వేరే కోర్సులో చేరుతుంది. పీహెచ్‌డీ మాటెత్తితే నవ్వేసి ఊరుకుంటుంది. ఒక ఏడాది పోయినా పరవాలేదని అనుకోగలగడం కూడా చదువులో భాగమే. ఆ వెసులుబాటు ఆ పిల్లకు లేదు. ప్రతి సెమిస్టర్ వెనకా అమ్మ రాత్రిళ్లు కుట్టిన బట్టలు లెక్కకొస్తాయి. అమ్మ ఎన్నడూ ఆ లెక్క అడగదు, అయినా పిల్ల మనసులో అది నడుస్తూనే ఉంటుంది. ఆ లెక్కే నన్నూ నడిపించింది. దాన్ని నేను శాపమనలేను, వరమనీ అనలేను.

పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలని 2016లోనే నిబంధన మారింది. మన తరగతి గదులు ఇంకా అంత దూరం రాలేదు. అధ్యాపక మిత్రులారా, హాజరు తగ్గిన విద్యార్థిని పిలిచినప్పుడు, ‘మీ నాన్నను తీసుకురా’ అనే ముందు ఇంట్లో ఎవరున్నారో ఒక్కసారి అడగండి.